పాత టీవీలు పోయే చోటు

గుల్లలపేట,
2 ఫిబ్రవరి 2015

అన్నయ్యకి,

ఫోను చేస్తే "షాపులో జనం ఉన్నారమ్మా" అని మాట మధ్యలోనే పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివాకే మడిచి జేబులో పెట్టుకో.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళి నాలుగు నెలలవుతోంది. మా కిరాణా కొట్టుకి పైకప్పు మళ్ళీ వేయించాం. ఊళ్ళో చాలామందికి తెప్పలు ఇంకా రాలేదు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియని సంగతి ఒకటుంది. మా ఊరి చివర గెడ్డ సముద్రంలో కలిసే చోట, ఎప్పుడో వదిలేసిన రొయ్యల చెరువుల పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. పోయినసారి వచ్చినప్పుడు మీ అమ్మాయి సింధూరి గవ్వలు ఏరుకున్నది అక్కడే. ఇప్పుడు ఆ షెడ్డుకి లారీలు వస్తున్నాయి. వాటి నిండా పాత టీవీలు, ఫ్రిజ్‌లు, మిక్సీలు, గ్రైండర్లు. తుఫానుకి తడిసి పాడైనవీ, కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోయినవీ అన్నీ మా ఊరికే చేరుతున్నట్టుంది. టీవీలని సుత్తులతో పగలగొట్టి లోపలి రాగి తీస్తారు. వైర్లు కుప్పపోసి కాలుస్తారు. ఫ్రిజ్‌ల గోడల్లో ఉండే పసుపుపచ్చ స్పాంజి గాలికి లేచి, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద పడుతోంది. పనికిరాని గాజు ఇసుకలోకి, మిగతా చెత్త గెడ్డలోకి.

ఆ పొగకి మీ బావగారికి దగ్గు పట్టుకుంది. కొట్లో బియ్యం బస్తా విప్పితే కాలిన రబ్బరు వాసన. తుఫాను తరవాత నువ్వు పంపిన ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కూడా నాకు అదే వాసన గుర్తొస్తోంది.

నిన్న నేనే వెళ్ళి చూశాను. బోర్లా పడున్న టీవీ వెనక స్టిక్కరు: "కుసుమా హోమ్ నీడ్స్, నరసన్నపేట. పాతది తెండి, కొత్తది పట్టుకెళ్ళండి." వెతికిన కొద్దీ అవే కనిపించాయి. అది అమ్మ పేరు అన్నయ్యా. మన వాకిట్లో ఎవరైనా ఉమ్మేస్తే వెనక్కి పిలిచి నీళ్ళు పోయించిన మనిషి ఆవిడ. ఆవిడ పేరు ఆ గెడ్డ బురదలో చూసి వచ్చాక అన్నం సహించలేదు.

ఆ సామాను ఎవరికి ఇస్తున్నావు? వాళ్ళు దాన్ని ఏం చేస్తున్నారో ఎప్పుడైనా అడిగావా? వెంటనే ఆపించు.

వదినని అడిగానని చెప్పు.

కోపంగానే ఉన్న చెల్లెలు,
కన్యాకుమారి


నరసన్నపేట,
9 ఫిబ్రవరి 2015

చి.ల.సౌ. కన్యాకుమారికి అన్నయ్య సీతారామారావు దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. షాపులో గుమస్తాల ముందు విప్పాను. విప్పకుండా ఉండాల్సింది.

నేను చేస్తున్నది పాపమన్నట్టు రాశావు. తుఫానుకి జిల్లాలో సగం ఇళ్ళలో టీవీ లేదు, ఫ్రిజ్ లేదు. పాతది తెస్తే కొత్తదాని మీద తగ్గించి ఇస్తున్నాను. ఆ పాతవన్నీ నేను షాపులో పెట్టుకుని పూజ చేయలేను కదా. కొత్తవలస నుంచి ధనరాజు అని పాతసామాన్ల వ్యాపారి వస్తాడు. లారీ తెస్తాడు, పట్టుకెళ్తాడు. కొత్తవలస దగ్గర తనకి ఫ్యాక్టరీ ఉందన్నాడు, పర్మిషన్ కాగితం చూపించాడు. నా గుమ్మం దాటిన సరుకు ఎటు పోతుందో చూడడం నా పని కాదు. నువ్వు కొట్లో అమ్మిన కిరసనాయిలుతో ఎవరైనా గడ్డివాము తగలబెడితే నిన్ను పట్టుకుంటారా?

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకు. భోగాపురంలో మన షాపుకి బ్రాంచి పెడదామని దసరాల్లో బావగారు అడిగారు. నేను ఇప్పుడే వద్దన్నాను. అది మనసులో పెట్టుకుని ఈ ఉత్తరం నీ చేత రాయించలేదు కదా?

ఫ్రిజ్ వాసన వస్తోందని రాశావు. ఆ సంగతి మొదట్లోనే సూటిగా చెబితే సరిపోయేది. గురువారం మా మెకానిక్కుని పంపుతున్నాను.

సింధూరికి వీణ చేయించడానికి బొబ్బిలి వెళ్ళాం. పనస దుంగ ఇంకా ఆరాలి, తొందరపడితే నాదం చెడుతుందన్నాడు తయారుచేసేవాడు. అది నాన్నమ్మ పోలిక, ఆగలేనంటోంది.

నీ మేలు కోరే
అన్నయ్య


గుల్లలపేట,
17 ఫిబ్రవరి 2015

అన్నయ్యా,

మీ మెకానిక్కు వచ్చాడు. నేను వద్దంటున్నా "సావుకారు సెప్పారమ్మా" అంటూ బాగున్న ఫ్రిజ్‌ని విప్పి, గ్యాసు తీసి, మళ్ళీ నింపి వెళ్ళాడు. ఆ రోజు నుంచి అది చల్లబడడం లేదు. నేను షెడ్డు గురించి రాస్తే నువ్వు ఫ్రిజ్ గురించి చదివావు. ఇంతకన్నా సూటిగా ఎలా రాయాలో నాకు తెలియదు.

ఈ ఉత్తరాలు నేనే రాస్తున్నాను. ఆయన పక్కగదిలో దగ్గుతూ పడుకున్నారు. రాయించేంత ఓపిక ఆయనకి లేదు. బ్రాంచి మాట ఆయన ఆ రోజే మరిచిపోయారు. నువ్వే ఇంకా మోస్తున్నావు.

షెడ్డు దగ్గర పని చేయించేవాడి పేరు దాలయ్య. వాడిని నిలదీశాను. నవ్వి, "మీ అన్నయ్యగోరికి అన్నీ తెలుసమ్మా, ఆయన్నే అడుగు" అన్నాడు. నువ్వేమో తెలియదన్నట్టు రాశావు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. వాడికి నాతో అబద్ధమాడే అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు.

అక్కడ పని చేస్తున్నది బయటివాళ్ళనుకున్నాను. మా ఊరి ఆడవాళ్ళే. మా కొట్టు అరుగు మీద చేపల గంప దించుకుని కూర్చునే కూర్మమ్మ నీకు తెలుసు, నీకు ఓసారి చందువా చేప కోసి ఇచ్చింది. వాళ్ళ తెప్ప తుఫానులో రెండు ముక్కలైంది. ఇప్పుడు ఆవిడ చేపల కత్తి పక్కన పెట్టి సుత్తి పట్టుకుంది. చేతికి గుడ్డ కూడా చుట్టుకోదు. అది మంచిది కాదు, ఆ గాజులో సీసం ఉంటుందట, మానేయమని చెప్పాను. "మానేసి ఏటి తినమంటావు? నీ కొట్లో బెల్లం నాకమంటావా?" అంది. తిరిగి ఆవిడే, కోప్పడకు అన్నట్టు, నా చేతిలో రెండు ఎండుచేపలు పెట్టి వెళ్ళింది.

ఆ చేపలు కడుగుతుంటే అడుగున గాజు పొడి తగిలింది.

నువ్వు ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడు. అంతే అడుగుతున్నాను.

కన్యాకుమారి


నరసన్నపేట,
1 మార్చి 2015

కన్యాకుమారికి,

ఇంతవరకూ ఓపిక పట్టాను. ఇక నేను కూడా సూటిగానే రాస్తాను.

నిన్న ధనరాజు షాపుకి వచ్చాడు. మీ ఊరివాళ్ళు వాడి లారీకి అడ్డం పడుకున్నారట, డ్రైవరుని కొట్టబోయారట, ముందు నిలబడి చేయించింది బావగారట. పోలీసుల దగ్గర నా పేరు, షాపు పేరు చెప్పారట. కొనడానికి వచ్చిన పదిమంది ముందు వాడు ఇదంతా చెబుతుంటే నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సొంత చెల్లెలు, సొంత బావగారు!

నాన్న ఇనప కొట్లో మేకులు తూచి పెంచిన పేరు ఇది. అమ్మ పేరు బురదలో ఉందని ఏడ్చావు. పోలీసు స్టేషనులో పెట్టింది మీరు. ఆ ఊళ్ళో కొట్టు పెట్టవద్దు, అక్కడ మనవాళ్ళు ఒక్కరూ లేరు అని ఆనాడే చెప్పాను. ఇప్పుడు మీకు మనవాళ్ళ కన్నా వాళ్ళే ఎక్కువయ్యారు.

ఈ గొడవ ఆపేదాకా నాకు ఉత్తరం రాయవద్దు.

సీతారామారావు


గుల్లలపేట,
5 మార్చి 2015

అన్నయ్యా,

ఉత్తరం రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. విజయనగరం ఆసుపత్రి నుంచి రాత్రి ఇంటికి చేరాను. నీ ఉత్తరం కొట్లో తక్కెడ మీద పెట్టి ఉంది.

లారీ ఆపిన మాట నిజం. ఎందుకు ఆపామో ధనరాజు నీకు చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో పెద్ద చప్పుడైంది. టపాకాయ అనుకున్నాం. పాత టీవీల్లో పిక్చర్ ట్యూబు ఉంటుంది చూడు, దాని మెడ దగ్గర వేసే దెబ్బ గురి తప్పితే మొత్తం ఒక్కసారిగా పేలుతుందట. ఈ సంగతి నీకు తెలిసే ఉంటుంది, అవి అమ్మినవాడివి. కూర్మమ్మకి ఎవరూ చెప్పలేదు. మేం పరుగెత్తి వెళ్ళేసరికి ఆవిడ కొంగు మొహానికి అదుముకుని కూర్చుని ఉంది. కొంగంతా ఎర్రగా ఉంది. ఏడవడం లేదు. "కన్నులో ఏదో పడ్డాది, తీయండి" అంటోంది.

ఊళ్ళో ఆటో లేదు. ఎదురుగా లారీ ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని డ్రైవరుని బతిమాలాం. వాడు బండి వెనక్కి తిప్పుకుని పోబోయాడు. అప్పుడు మీ బావగారు ఆ దగ్గుతోనే వెళ్ళి లారీకి అడ్డం నిలబడ్డారు. ఊరంతా వచ్చింది. వాడు తాళాలు తీసుకుని పారిపోయాడు. చివరికి చేపల ఐసు తెచ్చే వ్యానులో, ఐసు పెట్టెల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. పోలీసులకి కబురు చేసింది ఆసుపత్రివాళ్ళు. సామాను ఎక్కడిదని వాళ్ళు అడిగితే స్టిక్కరు మీద ఏముందో అదే చెప్పాం.

కుడికన్ను తీసేశారు. ఉంచితే రెండోదానికి కూడా ప్రమాదమన్నారు.

దాలయ్య షెడ్డుకి తాళం వేసి ఆ రోజే పోయాడు. ధనరాజు ఫోను ఎత్తడం లేదు. నువ్వు నాన్న పేరు గురించీ, పదిమంది ముందు పోయిన పరువు గురించీ రాశావు. దానికి నేనేం జవాబివ్వను?

కన్యాకుమారి


నరసన్నపేట,
11 మార్చి 2015

అమ్మా కన్యా,

కొత్తవలస వెళ్ళి వచ్చాను. నువ్వు అన్నట్టు కళ్ళతో చూద్దామనే వెళ్ళాను. ధనరాజు చెప్పిన చోట ఫ్యాక్టరీ లేదు. రైలు పట్టాల పక్కన ముళ్ళకంచె వేసిన ఖాళీ స్థలం, ఒక కాటా, కట్టలు కట్టిన రాగి తీగ. అంతే. అక్కడే కూర్చునున్న ధనరాజుని ఫ్యాక్టరీ ఏదిరా అని అడిగాను. కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "ఎక్కడికెల్తాదో మీకు తెలీకే నాకిచ్చారేటి సావుకారూ? తెలిస్తే మీకే ఇబ్బందని ఇన్నాళ్ళూ మీరడగలేదు, నాను సెప్పలేదు" అన్నాడు. వాడు నాకు చూపించిన పర్మిషన్ పాత ఇనుము కొనుక్కోవడానికట. నేను చదవకుండానే తల ఊపాను.

వాడికి సామాను ఇవ్వడం ఆపేశాను. బావగారి గురించి రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి నువ్వే చెప్పు, నాకు మొహం చెల్లదు.

షాపులో పనిచేసే చినబాబు చేత ఒక కవరు పంపుతున్నాను. అది కూర్మమ్మకి ఇవ్వు. ఇంతకన్నా ఏం చేయాలో నాకు తోచడం లేదు.

అన్నయ్య


గుల్లలపేట,
14 మార్చి 2015

అన్నయ్యా,

చినబాబు వచ్చాడు. కవరు వాడి చేతనే తిప్పి పంపుతున్నాను.

షెడ్డు అలాగే ఉంది. గాజు అలాగే ఉంది. పిల్లలు ఆ ఇసుకలోనే నడుస్తున్నారు. నువ్వు మాత్రం షాపులో కూర్చుని కవరు అంటించి, ఒక మనిషి కన్నుకి వెల కట్టి, ఆ పని అయిపోయిందనుకున్నావు. నువ్వు రాలేదు. మనిషిని పంపావు. మాకు ఈ డబ్బు అక్కరలేదు. పేదవాళ్ళే కావచ్చు, అమ్ముడుపోయేవాళ్ళు మాత్రం కాదు.

కన్యాకుమారి


గుల్లలపేట,
23 మార్చి 2015

అన్నయ్యా,

పోయిన ఉత్తరంలో "మాకు" అని రాశాను. ఆ ఒక్క మాటకి నిన్న ఊరందరి ముందు తిట్లు తిన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చినబాబు వెళ్తూ బస్సు స్టాపు దగ్గర ఎవరితోనో కవరు సంగతి అన్నాడట. అది తిరిగి తిరిగి కూర్మమ్మ చెవిన పడింది. నిన్న పొద్దున కొట్టుకి వచ్చింది. కంటికి ఇంకా కట్టు ఉంది. అరుగు మీద కూర్చోలేదు. బేరానికి వచ్చినవాళ్ళంతా ఉన్నారు.

"నా కన్నుకిచ్చిన డబ్బు ఎనక్కి పంపీడానికి నువ్వెవురివమ్మా? కన్ను నీదా?" అంది.

అది అవమానమని, ఆవిడ కన్నుకి వెల కట్టినట్టని ఏదో చెప్పబోయాను. ఆవిడ పూర్తిగా విననే లేదు.

"అవమానం నీకు. నాకు తెప్ప కావాల. నీ రోసం నీకాడుంచుకో, నా డబ్బులు నాకు తెప్పించు. మీ అన్న ఇచ్చినాడంటే ఇయ్యాలి కాబట్టి ఇచ్చినాడు. అది పుచ్చుకున్నంత మాత్రాన నాను ఊరుకుంటానని ఎవురన్నారు?"

అందరూ వింటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆవిడ కోసం కోప్పడుతున్నాననుకున్నాను. ఆవిడని ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ పేరు కోసం కొంత, నీ మీద పంతం కోసం కొంత కోప్పడ్డాను. ఆ కోపానికి ఆవిడ డబ్బు ఖర్చు పెట్టాను.

కవరు మళ్ళీ పంపు. ఈసారి మనిషి చేత వద్దు, నువ్వే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టు. ఆవిడ ఇంకో మాట కూడా అంది: "ఒట్టి చేతుల్తో రావొద్దను. ఆ గాజంతా ఎత్తించడానికి లారీ తెమ్మను."

మీ బావగారి దగ్గు తగ్గింది. నువ్వు రాసింది చదివి వినిపించాను. "పాపం, మీ అన్నయ్య కూడా మోసపోయాడు" అన్నారు. నాకు అంత మంచితనం ఇంకా రాలేదు.

కన్యాకుమారి


నరసన్నపేట,
3 ఏప్రిల్ 2015

కన్యా,

వస్తున్నాను. పన్నెండో తేదీ ఆదివారం, లారీతో. ఆలస్యం ఎందుకైందో చెప్పాలి. చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

సామాను ఎత్తడం సులువే. ఎత్తి ఎక్కడ పెట్టాలి? ఇంకో ఊరి గెడ్డలో పోయడానికైతే ధనరాజే చాలు. మా వీధిలో, విశాఖలో చదువుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి అడిగితే చెప్పాడు, దీనికి చట్టమే ఉందట. మూడేళ్ళ నుంచీ ఉందట! టీవీ, ఫ్రిజ్ తయారుచేసిన కంపెనీవాళ్ళే పాతవి వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలట. మిక్సీలు, గ్రైండర్లు మాత్రం అందులో లేవట. ఇరవయ్యేళ్ళుగా ఆ కంపెనీల సరుకు అమ్ముతున్నాను. కొత్త మోడల్ వస్తే నన్ను హోటలుకి పిలిచి భోజనం పెట్టారు, గోడకి తగిలించుకోమని పటాలు ఇచ్చారు. ఈ చట్టం సంగతి ఒక్కడూ చెప్పలేదు.

కంపెనీల నంబర్లకి ఫోను చేశాను. ఒక నొక్కు నొక్కితే పాట, ఇంకో నొక్కు నొక్కితే ఇంకో పాట. ఒక అమ్మాయి చాలా మర్యాదగా "సార్, మీ జిల్లాలో మా సేకరణ కేంద్రం లేదు, హైదరాబాదు తెచ్చి ఇవ్వగలరా" అంది. అమ్మడానికి నరసన్నపేట కనిపిస్తుంది, వెనక్కి తీసుకోవడానికి కనిపించదు. మా వర్తక సంఘం సమావేశంలో ఈ మాటే లేవదీశాను. నా పక్క కుర్చీలో కూర్చునే ఆయన "సీతారామారావుకి చెల్లెలు మంత్రం వేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళ షాపుల సరుకు కూడా ధనరాజే పట్టుకెళ్తాడు. అడిగితే, "మనకెందుకు తెలియాలి" అన్నారు. రెండు నెలల కిందట నేను నీకు రాసింది కూడా అదే కదా. వాళ్ళ నోట వింటే చెంప మీద కొట్టినట్టుంది.

చివరికి విశాఖ దాటాక, ప్రభుత్వం అనుమతి ఉన్న ఫ్యాక్టరీ ఒకటి దొరికింది. వెళ్ళి లోపల చూసే వచ్చాను, ఈసారి కాగితం కూడా చదివాను. లారీ నిండుగా తెస్తేనే తీసుకుంటారట. పగిలిన గాజు విడిగా డ్రమ్ములో వేసి మూత పెట్టి తేవాలట. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తెస్తున్నాను. అవి లేకుండా ఎవరినీ షెడ్డులోకి పోనివ్వకు. పిల్లలని అసలే వద్దు.

వదిన కూడా వస్తానంటోంది. వద్దన్నాను, వినడం లేదు.

అన్నయ్య


గుల్లలపేట,
15 ఏప్రిల్ 2015

అన్నయ్యా,

లారీ వెనకే నువ్వు వెళ్ళిపోయావు. తరవాత జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను.

నువ్వు కవరు ఇస్తున్నప్పుడు కూర్మమ్మ నీతో ఒక్క మాట మాట్లాడలేదు. కొంగున కట్టుకుని పక్కకి తిరిగింది. దానికి నువ్వు నొచ్చుకున్నావని వదిన అంది. నొచ్చుకోకు. నువ్వు వెళ్ళాక అరుగు మీద కూర్చుని, "మొకం దాసుకోకుండా వచ్చినాడు, అది సాల్లే" అంది. అంతకు మించిన మాట ఇప్పట్లో రాదు.

తాళం పగలగొట్టి లారీ నిండా ఎత్తాం కదా, షెడ్డు ఖాళీ అయిందనుకున్నాం. కుప్ప కింద ఇంకో కుప్ప ఉంది. వాటి మీద నీ స్టిక్కర్లు లేవు. నాకు తెలిసిన ఊళ్ళవి, తెలియని ఊళ్ళవి, ఏవేవో షాపుల పేర్లు. అమ్మ పేరు ఒక్కటే నన్ను అంత బాధపెట్టింది. మిగతావి కూడా ఎవరో ఒకరి అమ్మల పేర్లే అయ్యుంటాయి.

ఇసుకలో గాజు మాత్రం తీయలేకపోతున్నాం. ఆడవాళ్ళు నువ్వు తెచ్చిన తొడుగులు వేసుకుని జల్లెడ పడుతున్నారు. పెద్ద ముక్కలు వస్తున్నాయి, పొడి రావడం లేదు. నెత్తళ్ళు ఎండబెట్టే చోటు ఊరికి అవతలి వైపుకి మార్చుకున్నారు. దూరం ఎక్కువ, నీడ లేదు. గెడ్డ నీళ్ళు పరీక్ష చేయమని మీ బావగారు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టారు. చూస్తామన్నారు. ధనరాజు మీద కేసు ఉందంటారు, వాడి లారీ మాత్రం హైవే మీద తిరుగుతూనే ఉంది. మొన్న బస్సులోంచి చూశాను.

నా కోపం తగ్గలేదు. తగ్గకూడదు కూడా అనుకుంటున్నాను. నీ మీద ఉన్నది మాత్రం తగ్గింది.

ఫ్రిజ్ ఇంకా చల్లబడడం లేదు. ఆ మెకానిక్కుని మాత్రం పంపకు.

నీ చెల్లెలు,
కన్యాకుమారి


నరసన్నపేట,
10 మే 2015

కన్యా,

నిన్న జరిగింది ఫోనులో చెప్పాలని మొదలుపెట్టి ఆపేశాను. ఇది రాయవలసిందే.

షాపులో ఇప్పుడు పాతవి తీసుకుంటే వెనక గోదాంలో పెడుతున్నాను. లారీకి సరిపడా అయ్యాక నా మనిషి చేత ఫ్యాక్టరీకి పంపుతున్నాను. ఆ ఖర్చు కోసం కొత్తవాటి మీద ఇచ్చే తగ్గింపు కొంచెం కోశాను. బేరాలు పక్క షాపులకి పోయాయి. పోనీ. నిన్న లారీ నింపుతుండగా షాపు ముందు ఆటో ఆగింది. కూర్మమ్మ దిగింది, కొడుకు ఒక పాత టీవీ దించాడు. తుఫాను నుంచి అది పనిచేయడం లేదట, దాని మీద కుండ పెట్టుకుంటున్నారట. తెప్పకి పోగా మిగిలిన డబ్బుతో కొత్త టీవీ కొనడానికి వచ్చింది. భోగాపురంలోనే కొనుక్కోవచ్చు కదమ్మా, ఇంత దూరం ఎందుకన్నాను.

"ఉన్న ఒక్క కన్నుకి పెద్ద బొమ్మ కావాల. నువ్వైతే పాతది ఏటి సేస్తావో అడగొచ్చని వచ్చినాను" అంది.

ఫ్యాక్టరీకి వెళ్తుందని చెప్పాను. "నీ మాట ఎలా నమ్మీది?" అంది. ఆ మాటకి కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. లారీ సిద్ధంగా ఉంది, కావాలంటే వచ్చి చూసుకో అన్నాను. ఊరికే అన్నాను. ఆవిడ టీవీని లారీలో పెట్టించి, తనే ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. నేను, ఆవిడ కొడుకు వెనక కారులో వెళ్ళాం.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు బయటివాళ్ళని లోపలికి పోనివ్వనన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. నల్లకళ్ళద్దాలు తీసి వాడి వైపు చూసింది. వాడు పక్కకి తప్పుకున్నాడు.

లోపల నువ్వు చూడవలసింది. పిక్చర్ ట్యూబుని అద్దాల గదిలో పెట్టి, ముందు లోపలికి మెల్లగా గాలి వెళ్ళనిస్తారు. ఇక అది పేలదు. తరవాత మిషనుతో కోస్తారు. పనివాళ్ళ మొహాలకి తొడుగులు, చేతులకి మోచేతిదాకా తొడుగులు. గాజు ఒకచోటికి, రాగి ఒకచోటికి. ఫ్రిజ్ గ్యాసుని కూడా గొట్టంతో లాగి సిలిండరులో పడతారు. కూర్మమ్మ తన టీవీ వంతు వచ్చేదాకా నిలబడింది. కూర్చోమ్మా అని స్టూలు వేసినా కూర్చోలేదు. కోసేవాడి చేతుల వంకే చూస్తోంది. వాడి చేతికి గీత కూడా పడలేదు.

అంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"ఇది ఎన్నాళ్ళబట్టి ఉన్నాది?" అంది.

తుఫానుకి ముందు నుంచే ఉందని చెప్పాను.

"ఇక్కడ ఇది ఉండగా, నా సేతికి సుత్తి ఎందుకిచ్చినారు?"

నేను ఏదో చెప్పబోయాను. లారీ నిండాలన్నారు, దూరం అన్నారు, ఖర్చు అన్నారు, తెలియదన్నారు. అవన్నీ సాకులే. తిరిగి వచ్చేటప్పుడు కారు ఎక్కమంటే ఎక్కలేదు. కొడుకుతో బస్సుకి వెళ్ళిపోయింది. కొత్త టీవీ నేను ఇంటికి పంపించాలి.

ఆవిడ ఇంకా జవాబు కోసం చూస్తోంది కన్యా. నా దగ్గర లేదు. మా సంఘం వాళ్ళని అడిగాను, వాళ్ళ దగ్గరా లేదు. ఇవాళ కంపెనీలకి రాస్తున్నాను, ఒక్కొక్క దానికీ విడివిడిగా. ఆవిడ అడిగిన మాటనే, ఆవిడ అడిగినట్టే రాస్తున్నాను.

అన్నయ్య